ప్రైవేటు బడి చుట్టుపక్కల ఊళ్ళకు నిజంగా పనికి రావాలంటే

మీరు అడిగిందాని సారాంశం ఇది: మండల కేంద్రంలో సొసైటీ కింద నడిచే అన్ఎయిడెడ్ హైస్కూలు, ఏడు వందల మంది పిల్లలు, ప్రభుత్వం నుంచి ఎయిడ్ లేదు. ఫీజు కట్టే పిల్లలకు చదువు చెప్పడంతో సరిపెట్టకుండా ఊరికి కూడా ఉపయోగపడాలంటే ఏం చెయ్యాలి, ఏవి నిలబడతాయి, ఎంత ఖర్చవుతుంది? ఏటా ఒక మెడికల్ క్యాంపు, ఆగస్టు పదిహేనుకి నోటుపుస్తకాల పంపిణీ చాలని కమిటీలో కొందరు అంటున్నారని కూడా రాశారు.

అవి చాలవు. చెడ్డ పనులు కావు గానీ, ఏడాదికి ఒక్కరోజు జరిగే దాన్ని నమ్ముకుని ఊళ్ళో ఎవరూ ఏ ఏర్పాటూ చేసుకోలేరు. ఊరికి పనికొచ్చేవి మీ బడిలో ఇప్పటికే ఉన్నాయి, రోజులో సగం సేపు తాళం వేసి ఉంటాయి. గ్రౌండు, ల్యాబు, లైబ్రరీ, పాఠం చెప్పే నేర్పు. వాటిలో ఒకటో రెండో తీసుకుని, వారంలో ఫలానా రోజు ఫలానా గంట అని టైంటేబుల్లో రాసి, ఏడాది పొడవునా తప్పకుండా ఇస్తే అప్పుడు ఊరికి ఉపయోగం మొదలవుతుంది. మిగతా సమాధానమంతా దీన్ని ఎలా చెయ్యాలన్నదే.

అంతకన్నా ముందు ఒక మాట. బడి వల్ల ఊరికి నష్టం ఎక్కడ జరుగుతోందో మొదట చూసుకోండి. ఉదయం ఎనిమిదిన్నరకి, సాయంత్రం నాలుగున్నరకి గేటు ముందు ఆటోలు, బైకులు రోడ్డును మూసేస్తుంటే పక్క వీధి వాళ్ళకు మీ లైబ్రరీ గురించి చెప్పినా వినబుద్ధి కాదు. చిన్న తరగతులను పెద్ద తరగతులకన్నా పావుగంట ముందు వదలండి, ఆటోలను కాంపౌండు లోపలికి రానిచ్చి వేరే గేటు నుంచి పంపండి. సగం రద్దీ దీంతోనే తగ్గుతుంది. రెండోది బోరు. ఏడు వందల మందికి తాగడానికి, టాయిలెట్లకి, గ్రౌండు తడపడానికి మీరు తోడే నీళ్ళ భారం పక్కిళ్ళ బోర్ల మీద పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే, ఆవిరైపోయేదీ కారిపోయేదీ ఇరవై శాతం తీసేసినా 4 లక్షల 80 వేల లీటర్లు వస్తాయి. ఆ నీళ్ళను వీధి కాలవలోకి వదలకుండా బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్ళించండి. గుంతకు ముందు చిన్న సిల్టు తొట్టి కట్టి, ఏటా మే నెలలో దాన్ని పూడిక తియ్యాలి. తియ్యకపోతే రెండో వానాకాలానికే మట్టి పేరుకుని గుంత నీళ్ళు పీల్చడం మానేస్తుంది.

మూడో నష్టం గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మీ బడి పెరిగినకొద్దీ పక్కనున్న ప్రభుత్వ బడిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దేటప్పుడు, టీచరు పోస్టు పోతుంది, ఉన్న ఒక్క టీచరే అయిదు తరగతులూ చూస్తారు, దాంతో ఇంకొందరు పిల్లలు వెళ్ళిపోతారు. చివరికి అక్కడ మిగిలేది ఏ ఫీజూ కట్టలేని ఇళ్ళ పిల్లలు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, కానీ ఆ మిగిలిన పిల్లల విషయంలో బాధ్యత మాత్రం మీకు ఉంది. నా లెక్కలో ప్రైవేటు బడి ఊరికి చేసే ఏ మేలైనా వాళ్ళతోనే మొదలవ్వాలి.

ఇందుకు మన దగ్గరే ఒక గట్టి ఉదాహరణ ఉంది, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ బోర్డింగ్ స్కూలు పేరు దేశమంతా తెలుసు. చుట్టూ ఉన్న కరువు పల్లెల్లో అది చేసిన పని మాత్రం చాలామందికి తెలియదు. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం, ‘రివర్’ అనే విభాగం కలిసి పల్లెల్లో చిన్న చిన్న ఉపబడులు నడిపాయి. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే బడులు అవి. అక్కడ మొదట ఎదురైన చిక్కు మన ఏకోపాధ్యాయ పాఠశాలలన్నిటిదీ. టీచరు మూడో తరగతికి లెక్క చెబుతుంటే మిగతా నాలుగు తరగతులు ఊరకే కూర్చుంటాయి. కోతలప్పుడు పిల్లవాడు రెండు వారాలు పొలానికి పోయి తిరిగొస్తే పాఠం ముందుకెళ్ళిపోయి ఉంటుంది, వాడికి ఇక అందదు.

దానికి వాళ్ళు కనుక్కున్న దారి ఇది. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. తెలుగుకి, లెక్కలకి నిచ్చెన లాంటి చార్టు గోడకు కడతారు. ప్రతి మెట్టు మీదా ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె ఉంటాయి. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, ఆ గుర్తున్న కార్డును అలమారాలోంచి తనే తీసుకుంటాడు. టీచరు దగ్గర కూర్చుని నేర్చుకోవాలా, తోటి పిల్లల సాయంతో చెయ్యాలా, ఒక్కడే చేసుకోవాలా అన్నది ఆ గుర్తే చెబుతుంది. ఒక పాఠానికి పరిచయం కార్డు, అభ్యాసం కార్డులు, పరీక్ష కార్డు ఉంటాయి. పరీక్షలో తడబడితే మళ్ళీ నేర్పే కార్డు ఒకటి, బాగా చేస్తే ఇంకాస్త లోతుకు తీసుకెళ్ళే కార్డు ఒకటి. రెండు వారాలు పొలానికి వెళ్ళొచ్చిన పిల్లవాడు ఆగిన మెట్టు దగ్గరే మళ్ళీ ఎక్కుతాడు. తరగతి ముందుకు పోయిందన్న బాధ లేదు, ఫెయిలు అన్న మాట లేదు. ఈ సామగ్రి మొత్తాన్ని కిట్టుగా తయారుచేసి ‘పెట్టెలో బడి’ అన్న ఆలోచనతో బయటికి ఇచ్చారు.

అసలు ఫలితం ఆ పల్లెల దగ్గర ఆగలేదు. కర్ణాటకలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ప్రభుత్వ టీచర్లు రిషివ్యాలీ వచ్చి చూసి వెళ్ళాక, 1995లో యూనిసెఫ్ సాయంతో అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇలాంటి కార్డుల పద్ధతే ‘నలి కలి’ పేరుతో మొదలైంది. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన యాక్టివిటీ పద్ధతికి కూడా మూలం ఇదే, తర్వాత అది రాష్ట్రమంతటికీ పాకింది. ఒక ప్రైవేటు బడికి ఉన్న స్వేచ్ఛ వల్ల ఊరికి ఒరిగేది ఇక్కడ కనబడుతుంది. పై నుంచి సర్క్యులర్ వచ్చే పని లేకుండా, ఏళ్ళ తరబడి ఒక పద్ధతిని సరిదిద్దుకుంటూ పోయే ఓపిక, వెసులుబాటు అలాంటి బడికి ఉంటాయి. పద్ధతి కుదిరాక దాన్ని తమ దగ్గరే దాచుకోకుండా ప్రభుత్వ బడికి ఇచ్చేశారు. ఆ కొండలను మళ్ళీ పచ్చగా చెయ్యడం, 1991లో లోయను పక్షులకు రక్షిత ప్రాంతంగా ప్రకటించుకోవడం, పల్లెలకు వైద్యశాల నడపడం కూడా చేశారు, అవన్నీ మీకు సాధ్యం కావు. కార్డుల పద్ధతి మాత్రం సాధ్యమే. పక్క ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు టీచర్లే ఉంటే, మీ ప్రైమరీ టీచర్లు, వాళ్ళు కలిసి రెండో తరగతి తెలుగుకి ఒక్క నిచ్చెన తయారుచెయ్యండి. ఒక్క సబ్జెక్టు, ఒక్క తరగతి చాలు. కార్డులను 300 జీఎస్ఎం మందం అట్ట మీద ప్రింటు తీసి లామినేషన్ చేయించండి, మామూలు కాగితం రెండు నెలలు ఆగదు. ఒక్కో కార్డుకు కనీసం రెండు కాపీలు ఉండాలి. ఒకే కాపీ ఉంటే ఒకే మెట్టు మీదున్న ఇద్దరు పిల్లలు దానికోసం కొట్టుకుంటారు.

అక్కడే ‘మెట్రిక్ మేళా’ అని ఒకటి చేస్తారు. పిల్లలు తక్కెడలు, టేపులు, కొలత జాడీలు పెట్టుకుని ఊరివాళ్ళ బరువు, ఎత్తు కొలిచి రాసిస్తారు, చిన్న అంగడి నడుపుతారు. చదువురాని తల్లి తన ఎనిమిదేళ్ళ కూతురు తన బరువు చూసి కాగితం మీద రాసివ్వడం చూస్తుంది. మీ బడి, ప్రభుత్వ బడి కలిసి సంత రోజున దీన్ని చెయ్యొచ్చు, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

ఇక గ్రౌండు. మండల కేంద్రాల్లో తెల్లవారుజామున హైవే మీద పరిగెత్తే కుర్రాళ్ళు, ఆడపిల్లలు కానిస్టేబుల్ ఉద్యోగానికో ఆర్మీకో తయారయ్యేవాళ్ళు. లారీల మధ్య పరిగెడుతున్నారు. తెలంగాణ 2022 కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్ళకు 1600 మీటర్లు, ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు, ఇద్దరికీ లాంగ్‌జంప్, షాట్‌పుట్. ఆంధ్రప్రదేశ్‌లోనూ 1600 మీటర్ల పరుగే ముఖ్యం. ఎకరంలోపు ఖాళీ స్థలంలో 200 మీటర్ల ట్రాకు పడుతుంది. రెండు పక్కలా 50 మీటర్ల చొప్పున నిటారు దారి, రెండు కొసల్లో అర్ధవృత్తాలు. గట్టు లేకుండా సున్నం గీతే అయితే అర్ధవృత్తం వ్యాసార్ధం 15.72 మీటర్లు పెట్టండి. పరిగెత్తేవాడు గీతకు 20 సెంటీమీటర్లు ఎడంగా పరిగెడతాడని లెక్క, అక్కడ కొలిస్తే చుట్టు సరిగ్గా 200 వస్తుంది. ఎనిమిది చుట్లు తిరిగితే 1600. రెండు లేన్లతో కలిపి 90 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు స్థలం సరిపోతుంది.

చాలా బడుల్లో జరిగే తప్పు అడుగులతో కొలవడం. ‘రెండొందలు’ అనుకున్న ట్రాకు నిజానికి 180 ఉంటుంది. ఎనిమిది చుట్లు తిరిగిన కుర్రాడు 1440 మీటర్లే పరిగెత్తి టైములో వచ్చానని సంబరపడతాడు, పరీక్ష రోజు ఓడిపోతాడు. స్టీలు టేపు తెచ్చి, మధ్యలో మేకు కొట్టి తాడుతో గియ్యండి. నూలు తాడు సాగుతుంది, వైరు వాడండి. లాంగ్‌జంప్ గుంత 2.75 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు, అడుగున కంకర పరిచి పైన 40 సెంటీమీటర్ల మందాన కడిగిన ఏటి ఇసుక. టేకాఫ్ పలక గుంతకు మీటరు దూరంలో. మట్టి కలిసిన ఇసుక వేస్తే ఒక వానకు గట్టిపడి చీలమండలు బెణుకుతాయి. అందుకే రోజూ దూకడానికి ముందు పారతో అడుగు లోతు తిరగెయ్యాలి, ఆ పని చేసినవాళ్ళే ముందు దూకాలని నియమం పెట్టండి. షాట్ మగవాళ్ళకు 7.26 కిలోలు, ఆడవాళ్ళకు 4 కిలోలు. రెండూ కొని పెట్టండి. తూకం తక్కువ ఉన్న నాసిరకం గుండ్లు అమ్ముతారు, కొన్నరోజే కిరాణా కాటా మీద తూచి చూడండి.

గ్రౌండు తెరిచే వేళలు ఉదయం అయిదు నుంచి ఏడున్నర, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు. క్లాసుల వైపు వరండాలకు గ్రిల్ తాళాలు పడాలి, గ్రౌండుకు పక్క గేటు వేరుగా ఉండాలి, స్కూలు టైములో ఆ గేటు తెరవకూడదు. పేరు, ఫోన్ నంబరు, ఆధార్ చూపించి నమోదు చేసుకున్నవాళ్ళకే ప్రవేశం. ఆడపిల్లలకు సాయంత్రం గంట విడిగా ఇచ్చి, ఆ గంట ఒక మహిళా పీఈటీ (వ్యాయామ టీచరు) గానీ సీనియర్ టీచరు గానీ ఉండేలా చూడండి. వాళ్ళ టాయిలెట్ తాళం తీసి ఉండాలి, లైటు వెలగాలి. ఈ రెండూ లేని చోట మొదటివారం పదిమంది వచ్చి మూడోవారానికి ఎవరూ రారు. వాళ్ళకు ఆసక్తి పోయిందని కమిటీ అనుకుంటుంది, కారణం టాయిలెట్ తాళం. క్రికెట్ అయితే టెన్నిస్ బంతితోనే.

గ్రౌండు తెరిచిన బడులు మూడు నాలుగు నెలల్లో మూసేసుకోవడానికి ఎక్కువగా ఒకే కారణం. ఒకరోజు సీసా దొరుకుతుంది, లేదా కిటికీ అద్దం పగులుతుంది. వెంటనే అందరికీ బందు. ఇది జరుగుతుందని ముందే అనుకుని నియమం రాసుకోండి. తప్పు చేసినవాళ్ళకు నెల నిషేధం, మిగతావాళ్ళకు ఒక్కరోజు మూత, ఆ రోజు వచ్చేవాళ్ళందరూ కలిసి గ్రౌండు శుభ్రం చెయ్యాలి. వాడుకునేవాళ్ళలోంచి ఇద్దరు అమ్మాయిలతో సహా అయిదుగురిని బాధ్యులుగా పెట్టండి. వాచ్‌మన్ మాటకన్నా వాళ్ళ మాటే తోటివాళ్ళు వింటారు.

ల్యాబు విషయానికొస్తే, ముందుగా నిక్కచ్చిగా మాట్లాడుకుందాం. చాలా ప్రైవేటు హైస్కూళ్ళలో ల్యాబును ఇన్‌స్పెక్షన్ కోసం అలంకరించి తాళం వేస్తారు. మీ పిల్లలే వాడని ల్యాబును జడ్పీ స్కూలుకు ఎలా ఇస్తారు? కలిపి వాడే ఏర్పాటు పెట్టుకుంటే మీ పిల్లలకు కూడా అది తెరుచుకుంటుంది. పదో తరగతి భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఎనిమిది ప్రయోగాలు ఎంచుకోండి. నెలకు రెండు మధ్యాహ్నాలు, బ్యాచికి నలభై మంది, ఎనిమిది బల్లలు, బల్లకు అయిదుగురు. అందులో ముగ్గురు జడ్పీ పిల్లలు, ఇద్దరు మీ పిల్లలు అయితే ఒకరినొకరు చూసుకునే పిల్లలు కాక కలిసి చేసే పిల్లలు అవుతారు.

ఓమ్ నియమం ప్రయోగమే చూడండి. ఒక్కో బల్లకు మూడు 1.5 వోల్టు సెల్లులు, హోల్డరు, 10 ఓమ్‌ల నైక్రోం తీగ చుట్ట, చిన్న రియోస్టాట్, 0–5 వోల్టుల వోల్ట్‌మీటరు, 0–500 మిల్లీ ఆంపియర్ల అమ్మీటరు, ప్లగ్ కీ. ఎనిమిది బల్లలకు 24 సెల్లులు, పైన ఎనిమిది అదనంగా. నైక్రోం లేదని టార్చి బల్బు పెడితే ఫిలమెంటు వేడెక్కి నిరోధం మారుతుంది, గ్రాఫు సరళరేఖ రాక వంగుతుంది, పిల్లలు సూత్రమే తప్పనుకుంటారు లేదా రీడింగులు దిద్దేస్తారు. పాత సెల్లులు వాడితే వోల్ట్‌మీటరు చూసి అమ్మీటరు చూసేలోపు ముల్లు జారిపోతుంది. రీడింగు తీసుకున్న వెంటనే కీ తీసెయ్యడం నేర్పితే సెల్లులు రెండు బ్యాచిలు వస్తాయి. ఆమ్ల క్షార ప్రయోగానికి గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 8.5 మిల్లీలీటర్లను నీళ్ళలో పోసి లీటరు చేస్తే దాదాపు 0.1 మోలార్ అవుతుంది. నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు, ఆ పని టీచరే చెయ్యాలి. సోడియం హైడ్రాక్సైడ్ లీటరుకు 4 గ్రాములు. బల్లకు 50 మిల్లీలీటర్ల లెక్కన లీటరు రెండు బ్యాచిలకు సరిపోయి ఇంకా మిగులుతుంది. కళ్ళకు యాసిడ్ చిందకుండా పెట్టుకునే రక్షణ కళ్ళద్దాలు నలభై కొనండి, ఇందులో పొదుపు వద్దు.

జడ్పీ పిల్లలు బడి వేళల్లో బయటికి రావాలంటే వాళ్ళ హెడ్‌మాస్టరు గారి రాతపూర్వక అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, వెంట వాళ్ళ టీచరు ఉండాలి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ముందే ఉత్తరం పెట్టండి. మీ బస్సులో తీసుకొస్తామని మాత్రం తొందరపడకండి. స్కూలు బస్సులు విద్యాసంస్థ బస్సు కింద తక్కువ పన్నుతో, మీ విద్యార్థుల కోసం పర్మిట్ తీసుకున్నవి. బయటివాళ్ళను ఎక్కించి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కొస్తుంది. ఆర్టీఓ ఆఫీసులో రాతగా అడిగి తేల్చుకోండి, లేదంటే నడిచి వచ్చే దూరంలో ఉన్న బడితోనే మొదలుపెట్టండి.

లైబ్రరీ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆరేడు వందల తెలుగు పుస్తకాలు, ఎక్కువ బొమ్మలు తక్కువ మాటలు ఉన్నవి సగం. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ తెలుగు పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి, అట్టలు కనబడేలా తాడు కట్టి వేలాడదీయండి. డిపాజిట్ అడగొద్దు. వంద రూపాయలు డిపాజిట్ అంటే ఏ పిల్లలకోసం తెరిచారో వాళ్ళే రారు. పుస్తకాలు కొన్ని పోతాయి, ఏటా పదో వంతు పోతాయని ముందే బడ్జెట్లో రాసుకోండి. సాయంత్రం పావు తక్కువ అయిదు నుంచి ఆరున్నర దాకా, వారానికి నాలుగు రోజులు. ఊళ్ళో డిగ్రీ చదివి ఉన్న అమ్మాయిని పార్ట్‌టైముగా పెట్టుకోండి. ఇంగ్లిషు మీడియం బడి కదా అని ఇంగ్లిషు పుస్తకాలతో మొదలుపెట్టడం పెద్ద పొరపాటు.

దీనికి ఆనుకుని ఇంకొకటి ఉంది. మీ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వారానికొకసారి ప్రభుత్వ ప్రాథమిక బడిలో చదివి వినిపించే గంట. ఒక్కొక్కరికి ముగ్గురు చిన్నపిల్లలు, నలభై అయిదు నిమిషాలు, ఏడాదంతా అదే ముగ్గురు. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే ‘అసర్’ సర్వేలో వాడే తీరులో అక్షరం, పదం, పేరా, కథ అన్న నాలుగు అంచెల్లో ప్రతి పిల్లవాడు ఎక్కడున్నాడో జూలైలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి చూసి రాసుకోండి. ఇక్కడ మీ పిల్లలకే ఒక మేలు జరుగుతుంది. ఇంగ్లిషు మీడియంలో పదేళ్ళు చదివిన చాలామంది తెలుగు పేరాను కూడబలుక్కుని చదువుతారు. మూడో తరగతి పిల్లలకు కథ చదివి వినిపించాలంటే ముందురోజు ఇంట్లో నాలుగుసార్లు చదువుకోక తప్పదు. కథ చెప్పడంలో, పొడుపుకథలు విప్పడంలో ఆ చిన్నపిల్లలు వీళ్ళకన్నా ముందుంటారు. ఫోటోలు నెలకొకటి మించి తియ్యకండి, ప్రభుత్వ బడి పిల్లల ముఖాలు మీ ఫేస్‌బుక్ పేజీలో, అడ్మిషన్ల కరపత్రంలో అసలు వెయ్యకండి. ఆ ఒక్క కరపత్రంతో హెడ్‌మాస్టరుకు మీ మీద నమ్మకం పోతుంది, మళ్ళీ గేటు తియ్యరు.

టీచర్ల విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. ‘మా టీచర్లు మీ టీచర్లకు ట్రైనింగ్ ఇస్తారు’ అని ఎప్పుడూ అనకండి. ప్రభుత్వ టీచర్లు డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళు, చాలాచోట్ల ప్రైవేటు టీచర్లకన్నా చదువు, అనుభవం ఎక్కువున్నవాళ్ళు. ఇంట్లో ఎవరికీ అక్షరం రాని పిల్లలకు చదువు చెప్పే నేర్పు వాళ్ళ దగ్గర ఉంది, మీ దగ్గర లేదు. మీ హాలు, ప్రొజెక్టరు చుట్టుపక్కల ప్రభుత్వ బడుల టీచర్లు కలిసే వాళ్ళ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఇస్తామనండి, మీ టీచర్లను వెనక వరసలో కూర్చుని వినడానికి అనుమతి అడగండి. ఇచ్చిపుచ్చుకోవడం అక్కణ్ణుంచి దానంతటదే మొదలవుతుంది.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వడం దయ కాదు, చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 నుంచి ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ ద్వారా నింపుతున్నారు. ప్రభుత్వం తిరిగి ఇచ్చే సొమ్ము మీ ఫీజు, ప్రభుత్వం తలకు పెట్టే ఖర్చు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. అదీ ఆలస్యంగా వస్తుంది, దాన్ని పట్టుకుని పిల్లలను వేధించకండి. సీటు వచ్చిన పిల్లలు మధ్యలో మానేసేది చాలావరకు ట్యూషన్ ఫీజు వల్ల కాదు. బూట్లు, బెల్టు, డైరీ, బస్సు, యాన్యువల్ డే డ్రెస్సు, పిక్నిక్. వీటన్నిటికీ కలిపి ఒక్కో పిల్లవాడికి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద వేసి, ఆ మొత్తాన్ని బడే భరించేలా పెట్టండి. వాళ్ళను విడి సెక్షన్లో కూర్చోబెట్టకండి. పేరెంట్స్ మీటింగు తెలుగులో, సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, కూలికి వెళ్ళే తండ్రి పగలు పదకొండింటికి రాలేడు.

బడి పెట్టే ఖర్చు కూడా ఊళ్ళోనే తిరిగేలా చూడండి. ఏడు వందల మందికి రెండు జతల చొప్పున 1400 జతల యూనిఫారాలు. పది మంది డ్వాక్రా మహిళలు ఒక్కొక్కరు రోజుకు నాలుగు జతలు కుట్టినా 35 పనిరోజులు పడతాయి. అంటే మార్చిలోనే కొలతలు, గుడ్డ, మూడో వంతు అడ్వాన్సు చేతికి అందాలి. మేలో చెబితే కుదరక పట్నం హోల్‌సేల్ షాపుకే పోతారు. గుడ్డను తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి, లేదంటే మొదటి ఉతుకుకే పొట్టవుతాయి. కటింగ్ అంతా ఒకే మాస్టరు చేత చేయించి, కుట్టు మాత్రం పంచండి. పదిమంది పది రకాలుగా కత్తిరిస్తే మీకు ముప్పై సైజులు వస్తాయి.

డబ్బు సంగతి. ఇవాళ్టి రేట్లలో నా అంచనా ఇది: గ్రౌండు వాచ్‌మన్‌కు నెలకు 12 వేల చొప్పున ఏడాదికి లక్షా 44 వేలు, లైబ్రరీ అమ్మాయికి 8 వేల చొప్పున 96 వేలు, పుస్తకాలకు 50 వేలు, ల్యాబు సామాన్లకు 40 వేలు, కరెంటు, నీళ్ళు, ఇసుక, సున్నానికి 36 వేలు. మొత్తం 3 లక్షల 66 వేలు. సగటు ఫీజు పాతిక వేలు అనుకుంటే మీ ఆదాయం కోటీ 75 లక్షలు, అందులో ఇది రెండు శాతం చిల్లర. దీన్ని ఫీజులో కలిపి దాచకుండా తల్లిదండ్రుల మీటింగులో చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు. సొసైటీ మిగులును సొంతానికి తీసుకోకూడదు, లాభార్జన కుదరదని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 అక్టోబరులో హైదరాబాద్ నుంచి వెళ్ళిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, విద్యాసంస్థగా పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ ఆశయం పూర్తిగా విద్యే అయి ఉండాలని తేల్చింది. అందువల్ల హాలును పెళ్ళిళ్ళకు, గ్రౌండును ఎగ్జిబిషన్లకు అద్దెకిచ్చి ఆ డబ్బుతో సేవ చేద్దామన్న ఆలోచన ఉంటే ముందు ఆడిటరుతో మాట్లాడండి. పైన చెప్పిన ల్యాబు, లైబ్రరీ, చదివించే గంట విద్య కిందికే వస్తాయి. గ్రౌండు, ఇంకుడు గుంత లాంటివి మీ బైలాస్‌లోని ఆశయాల్లో ఏ మాట కిందికి వస్తాయో ఆయనతోనే చూపించుకోండి.

మొదటి ఏడాది అన్నీ పెట్టుకోకండి. జూన్‌లో హెడ్‌మాస్టరు, ఎంఈఓ, అంగన్‌వాడీ టీచరు, వార్డు మెంబరు, ఆశా వర్కరు, ఈ అయిదుగురి దగ్గరికి మీరే వెళ్ళి ఒకే ప్రశ్న అడగండి: మా బడిలో ఏది మీకు వారానికొకసారి దొరికితే పనికొస్తుంది? వాళ్ళు చెప్పినవాటిలోంచి రెండు ఎంచుకోండి. జూలై మొదటివారంలో మొదలుపెట్టి, సంక్రాంతి దాకా ఒక్కవారం కూడా తప్పకుండా నడపండి. పదో తరగతి పరీక్షల ముందు ఫిబ్రవరిలో ల్యాబు ఆపేసి, గ్రౌండు, లైబ్రరీ మాత్రం కొనసాగించండి. వేసవి సెలవుల్లో కూడా గ్రౌండు తెరిచే ఉంచండి, పిల్లలకు, ఉద్యోగానికి తయారయ్యేవాళ్ళకు అప్పుడే ఎక్కువ అవసరం. హాజరు రిజిస్టరు నెలాఖరున చూడండి. ఎంతమంది వచ్చారన్న మొత్తం కాదు, పోయిన నెల వచ్చినవాళ్ళలో ఈ నెల ఎంతమంది మళ్ళీ వచ్చారో లెక్కెయ్యండి. సగానికి తగ్గితే వేళో, తాళమో, మాటతీరో ఏదో ఒకటి అడ్డం పడుతోంది, మానేసినవాళ్ళలో ముగ్గురి ఇళ్ళకు వెళ్ళి అడిగితే ఏదో తెలుస్తుంది.